స్కౌట్ వేసిన మార్కు.. అసలు మార్కు ఒకటేనా?

అమెరికా బేస్‌బాల్ వీడియో గేముల్లో కుర్ర ఆటగాళ్ల సామర్థ్యాన్ని మనమే దిద్దుకోవచ్చు. సరదాగా మొదలయ్యే ఈ పని చేస్తూపోతే, ఎంపికలు ఎలా జరుగుతాయో, ఎక్కడ తప్పుతాయో తెలిసిపోతుంది. ప్లేస్‌మెంట్ల వేటలో ఉన్న మీకు అది ఎలా పనికొస్తుందో చూద్దాం.

2025 జులైలో అమెరికా మేజర్ లీగ్ బేస్‌బాల్ డ్రాఫ్ట్ జరిగింది. వాషింగ్టన్ నేషనల్స్ జట్టు అందరికంటే ముందు ఎంచుకున్నది 17 ఏళ్ల హైస్కూల్ కుర్రాడు ఎలై విల్లిట్స్‌ని. ఆ మొదటి స్థానానికి లీగ్ సూచించిన మొత్తం 11 మిలియన్ డాలర్ల పైమాటే. అతను సంతకం చేసింది మాత్రం 8.2 మిలియన్లకు. అలా మిగిలిన సొమ్మును జట్టు తర్వాతి రౌండ్లలో వేరే ఆటగాళ్లకు ఖర్చు చేసుకోవచ్చు. అంటే ‘నంబర్ వన్’ అనే ఆ ఒక్క అంకెలో ఆట ఒక్కటే లేదన్నమాట. వయసు, బేరం, బడ్జెట్ అన్నీ కలిసి ఉన్నాయి.

‘మనం క్రికెట్ చూసేవాళ్లం, బేస్‌బాల్‌తో మనకేం పని?’ అనుకుంటున్నారా? పని ఉంది. ముక్కూమొహం తెలియని కుర్రాళ్లను కొద్దిరోజులు చూసి, అంకెలు వేసి, వరుసలో నిలబెట్టి, కోట్లు పెట్టి తీసుకోవడమే డ్రాఫ్ట్. క్యాంపస్‌లో మీకు జరిగేదీ ఇంచుమించు అదే. తేడా ఏంటంటే, ఈ డ్రాఫ్ట్‌ను మొత్తంగా విప్పి, లోపలి అంకెలు మార్చి, పదేళ్లు ముందుకు నడిపి చూసే వీలు వీడియో గేముల్లో ఉంది. ప్లేస్‌మెంట్లకు ఆ సౌకర్యం లేదు.

వేలం కాదు.. వరుస

ఐపీఎల్ వేలం మనకు బాగా తెలుసు. ఎక్కువ పాడిన జట్టుకే ఆటగాడు. డ్రాఫ్ట్ అలా కాదు. జట్లు వరుసలో ఉంటాయి, తమ వంతు వచ్చినప్పుడు ఒక్కొక్కరిని ఎంచుకుంటాయి. అందరూ అయ్యాక రెండో రౌండ్. మేజర్ లీగ్‌లో ఈ పద్ధతి 1965లో మొదలైంది. 2019లో 40 రౌండ్లు ఉండేవి. కొవిడ్ ఏడాది 2020లో ఐదింటికి కుదించి, 2021 నుంచి 20గా స్థిరపరిచారు. అమెరికా, కెనడా, ప్యూర్టోరికోలకు చెందిన హైస్కూల్, కాలేజీ ఆటగాళ్లే ఇందులో ఉంటారు. డొమినికన్ రిపబ్లిక్ లాంటి దేశాల కుర్రాళ్ల ఒప్పందాలు వేరే దారిలో జరుగుతాయి.

గత సీజన్లో వెనకబడిన జట్టుకు ముందు వరుస ఇస్తారు. అయితే ముందు వరుస కోసం జట్లు గెలవాలన్న పట్టుదల వదిలేస్తున్నాయన్న విమర్శ వచ్చింది. అందుకే 2023 డ్రాఫ్ట్ నుంచి మొదటి 6 స్థానాలకు లాటరీ పెట్టారు. ఏ ఎంపిక పద్ధతి పెట్టినా, దాన్ని తమకు అనుకూలంగా వాడుకునేవాళ్లు పుట్టుకొస్తారు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనికొస్తుంది.

గేమ్‌లో ఏం దిద్దుతారు?

బేస్‌బాల్ గేముల్లో రెండు పేర్లు ప్రధానంగా వినిపిస్తాయి. ఒకటి, సోనీకి చెందిన శాన్‌డియాగో స్టూడియో తయారుచేసే ‘ఎంఎల్‌బీ ద షో’. మైదానంలో బ్యాట్ పట్టి ఆడే గేమ్ ఇది. 2021 నుంచి ప్లేస్టేషన్‌తో పాటు ఎక్స్‌బాక్స్‌లోనూ వస్తోంది. రెండోది ‘ఔట్ ఆఫ్ ద పార్క్ బేస్‌బాల్’. అభిమానులు ముద్దుగా ఊటీపీ అంటారు. 1999లో జర్మనీకి చెందిన మార్కస్ హైన్‌సోన్ మొదలుపెట్టాడు. ఇందులో బ్యాట్ పట్టే పనే లేదు. తెర నిండా పట్టికలు, అంకెలు. మీరు మేనేజరు. జట్టును ఎంపిక చేయాలి, జీతాలు చూసుకోవాలి, సీజన్లు నడపాలి.

రెండింట్లోనూ ఏళ్ల తరబడి ఒకే జట్టును నడిపే విధానాన్ని ఫ్రాంచైజీ మోడ్ అంటారు. ప్రతి ఏడాదీ కొత్త కుర్రాళ్ల జాబితా వస్తుంది. దీన్నే డ్రాఫ్ట్ క్లాస్ అంటారు. మామూలుగా అయితే ఈ కుర్రాళ్లందరినీ కంప్యూటరే పుట్టిస్తుంది. పేరు, ఊరు, ఎత్తు, విసిరే వేగం అన్నీ కల్పితమే. ఊటీపీలో కమిషనర్ హోదా తీసుకుంటే ఈ జాబితాను మీరే దిద్దవచ్చు. క్లాస్ మొత్తాన్ని ఫైల్‌గా బయటకు తీసి, స్ప్రెడ్‌షీట్‌లో మార్చి, మళ్లీ లోపలికి ఎక్కించవచ్చు.

మార్చడానికి ఏముంటాయి? బ్యాటింగ్, పిచింగ్, ఫీల్డింగ్‌కు ఇప్పటి సామర్థ్యం ఒక అంకె, భవిష్యత్తులో చేరగల ఎత్తు ఇంకో అంకె. ఈ రెండోదాన్ని పొటెన్షియల్ అంటారు. వీటికి తోడు గాయాలపాలయ్యే స్వభావం, కష్టపడే తత్వం, తెలివి, నాయకత్వం, డబ్బాశ కూడా అంకెల్లోనే ఉంటాయి. సంతకం పెట్టడానికి ఎంత మొండికేస్తాడన్నదీ ఒక గడియే. మనిషిని ఇన్ని గడులుగా కోయడం మొదట్లో కాస్త ఎబ్బెట్టుగానే ఉంటుంది. కానీ అసలు విషయం ఆ తర్వాత ఉంది.

రెండు కాలమ్‌ల కథ

ఊటీపీలో ఒకే ఆటగాడికి రెండు రకాల అంకెలు ఉంటాయి. ఒకటి గేమ్ లోపల దాచిన అసలు సామర్థ్యం. మ్యాచ్ ఫలితాలు తేలేది దీన్నిబట్టే. రెండోది మీ స్కౌట్ తెచ్చిన నివేదిక. స్కౌట్ అంటే ఊరూరా తిరిగి కుర్రాళ్ల ఆట చూసి అంచనా వేసే ఉద్యోగి. మామూలుగా ఆడేటప్పుడు మీకు కనిపించేది రెండో కాలమే. ఎడిటర్ తెరిస్తేనే మొదటిది కనిపిస్తుంది.

స్కౌట్ల కచ్చితత్వాన్ని పెంచడానికి, తగ్గించడానికి ఓ సెట్టింగ్ ఉంది. స్కౌటింగ్‌నే పూర్తిగా ఆపేస్తే అసలు అంకెలే తెరమీదకు వస్తాయి. అప్పుడు ఆట చప్పబడిపోతుంది. ఎవరు ఎంతో ముందే తెలిసిపోయాక ఎంపికలో ఏం మిగులుతుంది? ఇంకో చిత్రమైన అంశం.. స్కౌటింగ్ డైరెక్టర్లకూ ఇష్టాయిష్టాలు ఉంటాయి. ఒకరు పుట్టుకతో వచ్చిన వేగం, బలం చూసి మురిసిపోతారు. ఇంకొకరు ఇప్పటికే నేర్చుకున్న ఆటకు ఓటేస్తారు. ఒకే కుర్రాడికి ఇద్దరూ వేర్వేరు మార్కులు వేస్తారు. ఇద్దరూ నిజాయతీపరులే!

ఎడిటర్‌లో కూర్చుని రెండు కాలమ్‌లను పక్కపక్కన చూసినప్పుడు ఒక సంగతి మనసుకెక్కుతుంది. అసలు సామర్థ్యం, దాని మీద వేసిన మార్కు.. రెండూ ఒకటి కావు. వాటి మధ్య దూరం ఎంతో లెక్క కట్టొచ్చు కూడా. ఇంజినీరింగ్ మూడో సెమిస్టర్‌లో చదివి మర్చిపోయిన నార్మల్ డిస్ట్రిబ్యూషన్‌కు ఇక్కడ పని పడుతుంది.

70 అంటే ఎంత?

బేస్‌బాల్ స్కౌట్లు 20 నుంచి 80 వరకు ఉన్న స్కేలు వాడతారు. 50 అంటే సగటు. పైకైనా కిందికైనా ప్రతి 10 పాయింట్లూ ఒక స్టాండర్డ్ డీవియేషన్ అన్నది దాని వెనకున్న ఆలోచన. ఈ స్కేలునే తీసుకుని ఓ చిన్న నమూనా కడదాం. 1,000 మంది కుర్రాళ్లు. అసలు సామర్థ్యం సగటు 50, స్టాండర్డ్ డీవియేషన్ 10. స్కౌట్ చేసే పొరపాటు సగటు సున్నా, దాని స్టాండర్డ్ డీవియేషన్ కూడా 10. అంటే స్కౌట్ పక్షపాతం చూపడు, కానీ ఒక్కోసారి ఎక్కువ వేస్తాడు, ఒక్కోసారి తక్కువ వేస్తాడు.

ఇప్పుడు లెక్క చూడండి. అసలు సామర్థ్యం 70, ఆపైన ఉన్నవాళ్లు సుమారు 23 మంది. స్కౌట్ నివేదికలో 70 దాటినవాళ్లు మాత్రం సుమారు 79 మంది! పోనీ ఆ 23 మందీ ఈ 79లో ఉన్నారా? లేరు. 14 లేదా 15 మందే ఉంటారు. మిగతా ఎనిమిదిమంది నిజమైన స్టార్లు కటాఫ్ కిందే ఉండిపోయారు. పైకి వచ్చినవాళ్లలో 64 మంది దాకా ఆ మార్కుకు తగినవాళ్లు కారు.

ఇంకో ప్రశ్న. స్కౌట్ 70 వేసిన కుర్రాడి అసలు సామర్థ్యం సగటున ఎంత ఉంటుంది? 70 కాదు, 60. ఎందుకంటే పైన కనిపించే మార్కుల్లో ప్రతిభతో పాటు అదృష్టం కూడా కలిసి ఉంటుంది. ఈ నమూనాలో సగం సగం. సగటుకు పైనున్న 20 పాయింట్లలో 10 నిజం, 10 గాలివాటం.

ఇద్దరు స్కౌట్లను పంపి సగటు తీస్తే ఆ అంచనా 63కి చేరుతుంది. నలుగురిని పంపితే 66. కానీ ఒక షరతు. నలుగురూ విడివిడిగా, వేర్వేరు రోజుల్లో చూడాలి. అందరూ ఒకే మ్యాచ్ చూసి, ఆ రోజు కుర్రాడు కొట్టిన ఒకే షాట్ గురించి రాస్తే, నాలుగు నివేదికలున్నా సమాచారం ఒక్కటే.

పువ్వు పుట్టగానే పరిమళిస్తుందా?

పరిమళిస్తుందనే మన పెద్దలు అన్నారు. డ్రాఫ్ట్ చరిత్ర మాత్రం ఆ మాటకు అంత సులువుగా తలూపదు. 1988లో లాస్ ఏంజిలిస్ డాడ్జర్స్ 62వ రౌండ్‌లో మైక్ పియాజాను తీసుకుంది. మొత్తం మీద 1,390వ ఎంపిక. అదీ అతని తండ్రికి స్నేహితుడైన మేనేజర్ టామీ లసోర్డా మొహమాటం కొద్దీ జరిగింది. ఆ పియాజా 2016లో హాల్ ఆఫ్ ఫేమ్‌లోకి వెళ్లాడు. ఇప్పటి 20 రౌండ్ల పద్ధతిలో అతని పేరు పిలిచే అవకాశమే ఉండేది కాదు. మరోవైపు 1991లో న్యూయార్క్ యాంకీస్ మొట్టమొదట ఎంచుకున్న బ్రయన్ టేలర్ మేజర్ లీగ్‌లో ఒక్క మ్యాచ్ కూడా ఆడలేకపోయాడు.

మన దగ్గరా ఉదాహరణ ఉంది. 2008లో ఐపీఎల్ మొదటి సీజన్‌కు అండర్-19 ఆటగాళ్లను వేలంలో కాకుండా డ్రాఫ్ట్‌లోనే పంచారు. ఢిల్లీ జట్టు తమ ఊరి కుర్రాడైన విరాట్ కోహ్లీని వదిలి, ఎడమచేతి పేసర్ ప్రదీప్ సంగ్వాన్‌ను ఎంచుకుంది. కోహ్లీ బెంగళూరుకు వెళ్లాడు. ఆ తర్వాతి కథ మీకు చెప్పక్కర్లేదు. అలాగని ఢిల్లీది తెలివితక్కువతనం అనడం తేలిక. ఆ రోజు వాళ్ల చేతిలో ఉన్నది రెండో కాలమే కదా!

అన్నిటికంటే లోతైన పాఠం కుమార్ రాకర్‌ది. పేరులోనే మన వాసన ఉంది. తండ్రి ట్రేసీ రాకర్ అమెరికన్ ఫుట్‌బాల్ ఆటగాడు, తల్లి లలిత భారత సంతతి మహిళ. 2018లో హైస్కూల్ నుంచి వచ్చిన ఇతన్ని కొలరాడో రాకీస్ 38వ రౌండ్‌లో పిలిచింది. ప్రతిభ లేకనా? కాదు. వాండర్‌బిల్ట్ యూనివర్సిటీకి వెళ్తాడని, సంతకం పెట్టడని అందరికీ తెలుసు. అన్నట్టే కాలేజీకి వెళ్లాడు. 2019లో డ్యూక్ యూనివర్సిటీపై ఒక్క హిట్ కూడా ఇవ్వకుండా 19 మందిని స్ట్రైకౌట్ చేశాడు. 2021లో న్యూయార్క్ మెట్స్ 10వ స్థానంలో ఎంచుకుంది. 6 మిలియన్ డాలర్లకు మాట కుదిరింది. ఆపై వైద్య పరీక్షల నివేదిక చూసి మెట్స్ వెనక్కి తగ్గింది. ఏడాది తిరగకుండా టెక్సస్ రేంజర్స్ అదే కుర్రాడిని ఇంకా ముందు, 3వ స్థానంలో తీసుకుని 5.2 మిలియన్లు ఇచ్చింది.

38వ రౌండ్, 10వ స్థానం, 3వ స్థానం. ఒకే మనిషికి మూడు అంకెలు. మొదటిది అతని ఆటకు కాదు, అతని నిర్ణయానికి వేసిన అంకె. రెండోదాన్ని చెరిపేసింది డాక్టర్లు. 2023లో అతని మోచేతికి శస్త్రచికిత్స జరిగింది కాబట్టి మెట్స్ భయం ఉత్తదేమీ కాదు. 2024 సెప్టెంబరులో అతను మేజర్ లీగ్‌లో తొలి మ్యాచ్ ఆడాడు కాబట్టి రేంజర్స్ నమ్మకమూ ఉత్తది కాదు. ఒకే కుర్రాడిని చూసి ఇద్దరు తెలివైనవాళ్లు రెండు దారుల్లో వెళ్లారు. రిస్క్ భరించే ఓపిక ఎవరికెంత అన్నదీ ఒక తేడా.

అందరికీ 80 వేస్తే?

ఎడిటర్ చేతికి రాగానే చాలామంది చేసే మొదటి పని, తమ జట్టుకు వచ్చే కుర్రాడికి అన్నీ 80 పెట్టేయడం. రెండు సీజన్లు బాగానే ఉంటుంది. మూడో సీజన్‌కు విసుగొస్తుంది. ఇంకొందరు క్లాస్‌నంతా ఘనంగా చేస్తారు. ఏడాదికి పదిమంది సూపర్‌స్టార్లను పుట్టిస్తే, పదేళ్లలో వందమంది పోగవుతారు. బ్యాటర్ల అంకెలు మాత్రమే పెంచితే స్కోర్లు ఎక్కడికో వెళ్తాయి. అందరివీ కలిపి పెంచితే నిన్నటి స్టార్ ఇవాళ సగటు ఆటగాడవుతాడు. అంకె పెరిగిందే తప్ప అందులో అర్థం తగ్గిపోయింది. కాలేజీల్లో అందరికీ 9 పైన సీజీపీఏ వస్తే కంపెనీలు సీజీపీఏను పక్కనపెట్టి సొంత పరీక్ష ఎందుకు పెడతాయో ఇప్పుడు అర్థమైంది కదా?

బాగా తయారుచేసిన క్లాస్‌లో ఎక్కువమంది సగటు కిందే ఉంటారు. కొద్దిమంది పైన, ఒకరిద్దరు చాలా పైన. 18 ఏళ్ల హైస్కూల్ కుర్రాడికి ఇప్పటి అంకె తక్కువ, పొటెన్షియల్ ఎక్కువ, అనిశ్చితి ఇంకా ఎక్కువ. 21 ఏళ్ల కాలేజీ ఆటగాడికి ఇప్పటి అంకె ఎక్కువ, ఎదిగే జాగా తక్కువ. ఊటీపీలో పొటెన్షియల్ కూడా రాతిమీద చెక్కిన గీత కాదు. ప్రతిభలో ఊహించని మార్పులు ఎంత తరచుగా రావాలో నిర్ణయించే సెట్టింగ్ ఉంది. మామూలుగా 100. దాన్ని 200 చేస్తే మొదటి రౌండ్ హీరోలు కూలుతారు, ఎవరికీ తెలియనివాళ్లు లేస్తారు. బాగా తగ్గిస్తే డ్రాఫ్ట్ రోజు రాసిన రాతే చివరిదాకా నడుస్తుంది. ఏది నిజానికి దగ్గరో తేల్చాలంటే పాత డేటా చూడాలి. సరదా పక్కకు జరిగి, అసలు పని మొదలయ్యేది ఇక్కడే.

పేరు ఎవరి సొత్తు?

కల్పిత పేర్లు తీసేసి నిజమైన హైస్కూల్, కాలేజీ కుర్రాళ్ల పేర్లతో క్లాస్ తయారుచేసే అభిమానులు ఉన్నారు. కంపెనీలే ఆ పని ఎందుకు చేయవు? మేజర్ లీగ్ ఆటగాళ్ల పేర్లు, రూపాలు వాడుకునే హక్కును వాళ్ల యూనియన్ ద్వారా తీసుకుంటారు. 2022 సెప్టెంబరులో మైనర్ లీగ్ ఆటగాళ్లు కూడా ఆ యూనియన్‌లో చేరారు. స్కూలు, కాలేజీ కుర్రాళ్లు ఆ గొడుగు కింద లేరు.

ఇది ఎంత పెద్ద వ్యవహారమో కాలేజీ బాస్కెట్‌బాల్ మాజీ ఆటగాడు ఎడ్ ఓబ్యానన్ చూపించాడు. తనను పోలిన బొమ్మను వీడియో గేమ్‌లో చూసి 2009లో కోర్టుకెక్కాడు. గేమ్‌లో అతని పేరు లేదు. ఆట, రూపం మాత్రం అతనివే. ఆ వివాదాల్లో గేమ్ కంపెనీ ఈఏ, లైసెన్సింగ్ సంస్థతో కలిసి 40 మిలియన్ డాలర్లకు రాజీ పడింది. చాలా ఏళ్లు ఆగిపోయిన కాలేజీ ఫుట్‌బాల్ గేమ్ 2024లో తిరిగొచ్చినప్పుడు, ఒప్పుకున్న ఒక్కో ఆటగాడికి 600 డాలర్లు, ఒక గేమ్ కాపీ ఇచ్చారు. ఆ మొత్తం చాలా తక్కువన్న విమర్శలూ వచ్చాయి.

మీకు దీనివల్ల తెలియాల్సింది ఒకటుంది. మీ ల్యాప్‌టాప్‌లో మీరు ఆడుకునేది వేరు, పదిమందికీ పంచేది వేరు. 17 ఏళ్ల కుర్రాడి అసలు పేరు పక్కన ‘కష్టపడే తత్వం 20’ అని రాసి ఇంటర్నెట్‌లో పెట్టడం సరదా కాదు. మీ ప్రాజెక్టుల్లోనూ క్లాస్‌మేట్ల పేర్లు, మార్కులు వాడొద్దు. మన దేశంలోనూ 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చిందని మర్చిపోకండి.

మరి ప్లేస్‌మెంట్ల సంగతి?

పైన చెప్పిన లెక్కను మీవైపు తిప్పుకుంటే మూడు మాటలు తేలతాయి.

మొదటిది, ఒక్క ఆన్‌లైన్ టెస్ట్‌లో కటాఫ్ తప్పడం మీ అసలు సామర్థ్యం మీద తీర్పు కాదు. మన నమూనాలో 23 మందిలో ఎనిమిదిమంది అలాగే తప్పిపోయారు. అలాగే మీ స్నేహితుడికి మొదటి డ్రైవ్‌లోనే ఆఫర్ వచ్చిందంటే అతను మీకంటే రెండింతలు గొప్పవాడని కాదు.

రెండోది, అంతమాత్రాన ‘మార్కులకు విలువలేదు’ అని చేతులు దులుపుకోవద్దు. అదే నమూనాలో స్కౌట్ 70 వేసిన కుర్రాడి అంచనా 60. 50 వేసినవాడిది 50. అంకెలో సగం గాలివాటమే అయినా మిగతా సగం నిజమే! వేలమంది దరఖాస్తు చేసినప్పుడు కంపెనీకి అంతకంటే చవకైన వడపోత దొరకదు.

మూడోది మీ చేతిలో ఉన్నది. స్కౌట్ పొరపాటు తగ్గాలంటే విడివిడి సాక్ష్యాలు కావాలి. టెస్ట్ స్కోర్ ఒకటి. ఇంటర్న్‌షిప్‌లో మీ పని చూసిన వ్యక్తి మాట ఇంకొకటి. మీరే ఆలోచించి కట్టిన ప్రాజెక్ట్ మరొకటి. ఓపెన్ సోర్స్‌లో ఇతరులు ఒప్పుకున్న మీ కోడ్ ఇంకోటి. కానీ యూట్యూబ్ వీడియో చూసి క్లాసులో అరవైమంది చేసిన అదే ప్రాజెక్టును మీరూ రెజ్యూమెలో పెడితే, అది ఒకే మ్యాచ్ చూసిన నాలుగో స్కౌట్ లాంటిది. కొత్తగా ఏమీ చెప్పదు. ఒకే కంపెనీ ఫలితం కోసం నెలలు ఎదురుచూడకుండా ఎక్కువచోట్ల ప్రయత్నించమనేదీ ఇందుకే. మెట్స్ వద్దన్న ఏడాదికే రేంజర్స్ రమ్మంది.

డబ్బు గేములతో కలపొద్దు

‘గేమ్స్’ అనగానే ఇంట్లోవాళ్లు కంగారుపడటం సహజం. 2025 ఆగస్టులో పార్లమెంటు ఆన్‌లైన్ గేమింగ్ చట్టాన్ని ఆమోదించింది. డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ గేములపై నిషేధం పెడుతూనే, ఈ-స్పోర్ట్స్‌ను, పందెం లేని గేములను ప్రోత్సహిస్తామంది. ఫ్రాంచైజీ మోడ్‌లో మీరు చేసేది పందెం కాదు. మీరు ఊహించిన జట్టుకు మీరే లెక్కలు రాసుకోవడం. ఆ తేడా ఇంట్లో చెప్పండి, ఇంటర్వ్యూలోనూ చెప్పండి.

ఆటగాళ్ల అంకెలు నిర్ణయించడం, గేమ్ సమతూకం చూడటం, వేల సీజన్లు నడిపి తప్పులు పట్టడం.. ఇవన్నీ గేమ్ కంపెనీల్లో నిజమైన ఉద్యోగాలు. ఈఏ లాంటి సంస్థకు హైదరాబాద్‌లోనూ స్టూడియో ఉంది. గేములే కాదు, బ్యాంకు రుణాల స్కోరింగ్, బీమా, నియామకాల సాఫ్ట్‌వేర్‌లోనూ ప్రశ్న ఇదే: మనకు కనిపించే అంకె వెనక అసలు విలువ ఎంత?

ఇలా మొదలుపెట్టండి

గేమ్ కొనకుండానే ఈ ప్రాజెక్ట్ చేయొచ్చు. రెండు వారాంతాలు చాలు.

1. పైథాన్‌లో నమ్‌పై వాడి 1,000 మంది కల్పిత ఆటగాళ్లను పుట్టించండి. అసలు సామర్థ్యం ఒక కాలమ్, స్కౌట్ పొరపాటు కలిపిన మార్కు ఇంకో కాలమ్. పైన చెప్పిన 23, 79, 14-15 అంకెలు దాదాపుగా వస్తున్నాయో లేదో సరిచూడండి. ఒక్కసారి కాదు, వెయ్యిసార్లు నడిపి సగటు తీయండి.

2. స్కౌట్ల సంఖ్య పెంచండి. తర్వాత వాళ్ల పొరపాట్లను ఒకదానితో ఒకటి ముడిపెట్టి చూడండి. లాభం ఎంత తగ్గుతోందో గ్రాఫ్ గీయండి.

3. నిజమైన డేటాకు వెళ్లండి. లామన్ డేటాబేస్‌లో 1871 నుంచి బేస్‌బాల్ సీజన్ల గణాంకాలు ఉచితంగా దొరుకుతాయి. బేస్‌బాల్ సావంట్ సైట్‌లో 2015 నుంచి బంతి వేగం, దిశ వివరాలున్నాయి. క్రికెట్టే ఇష్టమైతే క్రిక్‌షీట్‌లో బంతి బంతికీ డేటా ఉంది.

4. ఒక సీజన్లో టాప్ 20 బ్యాటర్లను తీసుకుని, తర్వాతి సీజన్లో వాళ్ల సగటు ఎంత పడిందో చూడండి. మీ నమూనా చెప్పిన ‘70 కాదు, 60’ అక్కడ కనిపిస్తుందా? ఎంతమేరకు?

5. రెండు పేజీల్లో రాయండి. ఏం అనుకున్నారు, ఏం తేలింది, మీ నమూనా ఎక్కడ నిజానికి దూరంగా ఉంది. ఈ చివరి అంశాన్ని వదలొద్దు. అన్ని పొరపాట్లూ నార్మల్ డిస్ట్రిబ్యూషన్‌లో ఉంటాయని మనం అనుకున్నాం. నిజంగా ఉంటాయా?

ఇంటర్వ్యూలో ‘ఈ ప్రాజెక్ట్ ఎందుకు చేశారు?’ అని అడిగితే బేస్‌బాల్ అంటే ఇష్టమని చెప్పనక్కర్లేదు. కటాఫ్ పెట్టి మనుషుల్ని ఎంచుకుంటే ఎంతమంది మంచివాళ్లు చేజారతారో లెక్కకట్టి చూశానని చెప్పండి. టేబుల్‌కు అటువైపు కూర్చున్నవాళ్లు రోజూ చేసే పని అదే కాబట్టి, తర్వాతి ప్రశ్న వాళ్లే అడుగుతారు.